పావు చుట్టు

ఈ ఫ్యానుకి బేరింగు ఎండిపోయింది. టిక్కు, టిక్కు, టిక్కు, చుట్టుకొక టిక్కు, పైగా మూడో రెక్క వేరే ఫ్యానుది, ఎవరో మహానుభావుడు తెచ్చి తగిలించాడు, బరువు తేడా, అందుకే రాడ్డు అలా ఊగుతోంది, నిచ్చెనెక్కి చూడక్కర్లేదు, కింద కూర్చుని వింటే చాలు, నన్ను ఫ్యాన్ల డాక్టరని ఊరికే అనరు, నాడి పట్టకుండానే రోగం చెప్పేస్తా, కానీ ఇవాళ డాక్టరు బెంచీ మీద కూర్చున్నాడు, ఆపరేషను గది బయట బంధువు కూర్చున్నట్టు, ఎదురుగా మూసిన తలుపు, తలుపు మీద వెంటిలేటరు ఓరగా తెరిచి ఉంది, దాంట్లోంచి కుర్చీ జరిపిన చప్పుడు, ఎవరో గొంతు సవరించుకున్న చప్పుడు, లోపల ముగ్గురు పెద్దమనుషులు, వాళ్ళకి ఎదురుగా మా బొంగరం ఒక్కతే. బొంగరం అంటే మా అక్క కూతురు, నేల మీద కాలు నిలవదని చిన్నప్పుడు నేనే పెట్టాను ఆ పేరు, ఇప్పుడది హెలికాప్టరు నడుపుతుంది, నిజం హెలికాప్టరు, నేను ఇంట్లో స్టూలెక్కితేనే కళ్ళు తిరిగేవాణ్ణి, అది మబ్బుల్లో మలుపులు తిప్పుతుంది, అయితే ఇవాళ్టి పరీక్ష నడపడానికి కాదు, నేర్పడానికి, ఈ బళ్ళో పంతులమ్మగా తీసుకోవాలా వద్దా అని నోటితో అడుగుతారట, తీసుకుంటే రేపు పిల్ల పైలట్లందరికీ ఇదే పాఠం చెబుతుంది, తీసుకోకపోతే మళ్ళీ ఏడాది ఆగాలి, ఏడాది ఆగే రకం కాదు అది, వాళ్ళమ్మ పోలిక.

గోడ మీద చార్టుంది, నా నెత్తికి సరిగ్గా ఎదురుగా, రంగురంగులుగా, హెలికాప్టరు బొమ్మ, పైన రెక్కల చుట్టూ బాణాలు, ఒక మూల తిరిగే చక్రం బొమ్మ, కింద పెద్ద అక్షరాలతో గైరోస్కోపు అని, కింద పెద్దసారు సంతకం, లోపల మధ్య కుర్చీలో కూర్చున్నది ఆయనే, ఎంతమంది పైలట్లు ఆ చార్టు చూసి పాసయ్యారో, అందరూ బాగానే ఎగురుతున్నారు, ఒక్కరూ చార్టు వల్ల కింద పడలేదు. ఇందాక అటెండరన్నాడు కదా, పోయినేడు ఒకాయన ఆ చార్టు తప్పని పెద్దసారుతో వాదించాడండీ, ఇప్పుడాయన కార్లు నేర్పుతున్నాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఈ ఫ్యాను టిక్కులు లెక్కపెడుతున్నా. అటెండరు మంచివాడే పాపం, నేను ఇంటి నుంచి మోసుకొచ్చిన చేతిపెట్టె దారికి అడ్డమని తనే పట్టుకెళ్ళి మూల అవతల పెడతానన్నాడు, వద్దంటామా, పెద్దల మాట కాదంటామా, హ్యాండిల్ కింద చిన్న స్విచ్చి ఉంటుంది, బొటనవేలికి అందుతుంది, లోపల బరువైన ఇనప చక్రం, దానికి నా చేత్తో చుట్టిన మోటారు, చీమ నడిచినంత చప్పుడు కూడా రాదు, తిన్నగా నడిచినంతసేపూ పెట్టె పిల్లిలా వస్తుంది, మలుపు తిరిగారో, అంతే, పెట్టెకి ప్రాణం వచ్చి పక్కకి లేస్తుంది, ఆ మూల దగ్గర అటెండరు గోడకి అతుక్కుపోయాడు, పెట్టెని పామును చూసినట్టు చూశాడు, తెచ్చి మళ్ళీ నా కాళ్ళ దగ్గరే పెట్టేశాడు, నేను ఫ్యాను కేసి చూస్తున్నా, వేషం వేశాక వెనక్కి తిరిగి చూడకూడదు, చూసినవాడే దొరుకుతాడు, అది మా బొంగరానికి నేను నేర్పిన మొదటి సూత్రం, లెక్కలు తర్వాత. ఈ పూట వేషాలు వెయ్యనని పొద్దున్న దానికి ఒట్టేశాను, అదీ నిజమే, కానీ పెద్దసారుతో వెయ్యనని కదా నా ఉద్దేశం.

గైరోస్కోపు అనే మాట నాకు ఎలా వచ్చిందంటే, ఒక హెలికాప్టరు మెకానిక్కు టేబుల్ ఫ్యాను రిపేరుకిస్తూ దానితో పాటు తెచ్చాడు, ఫ్యాను పట్టుకుపోయాడు, మాట మా ఇంట్లో ఉండిపోయింది. ఎనిమిదో క్లాసులో బల్ల గట్టిగా ఉందని లేచి వచ్చేసినవాణ్ణి, నాకింత పెద్ద మాట దొరికితే ఊరుకుంటానా, ఫ్యాను ఎందుకు పాడైందంటే గైరోస్కోపు, రేటు ఎందుకెక్కువంటే గైరోస్కోపు, మా ఆవిడ ఎందుకు అలిగిందంటే గైరోస్కోపు. బొంగరం గౌను వేసుకునే రోజుల్లో తిరిగే స్టూలు మీద కూర్చోబెట్టి దాని చేతిలో సైకిలు చక్రం పెట్టి గిర్రున తిప్పాను, ఇప్పుడు వంచు అన్నాను, వంచగానే స్టూలు దానంతటదే తిరిగింది, దాని కళ్ళు, అబ్బ, ఆ కళ్ళు ఇప్పటికీ నాకు కనిపిస్తాయి, రెండు డైనమో లైట్లు, మామయ్యా ఎందుకూ అంది, నాకేం తెలుసు, తిరిగే చక్రం మహా మొండిదే, ఇటు తోస్తే అటు పోదు, పావు చుట్టు తిరిగి పక్కకి పోతుంది, అచ్చం మీ అమ్మలాగే అన్నాను, మా అక్క వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. హెలికాప్టరు కూడా అంతేనటే, పైన తిరిగే రెక్కలు ఒక పెద్ద చక్రం, ముందుకి వంచాలంటే ముందు నొక్కితే కుదరదు, పావు చుట్టు ముందుగా నొక్కాలి, రెక్కలు కుడి నుంచి ముక్కు మీదుగా ఎడమకి తిరిగేవైతే కుడిపక్కనే రెక్క గాలిని పట్టే పట్టు తగ్గించాలి, అప్పుడు ముక్కు దగ్గర వాలుతుంది, ఎందుకంటే గైరోస్కోపు. ఆ రోజు నుంచీ అది నా శిష్యురాలు. పైలటు బళ్ళో సీటొచ్చినప్పుడు వీధి వీధంతా చెప్పాను, మొదటి పాఠం నాది, మొదటి పాఠం నాది, కిరాణా కొట్టువాడు చివరికి నన్ను చూస్తే షట్టరు దించేవాడు.

జేబులో ఫోను. అక్క. ఏమయిందిరా. ఇంకా అవలేదే. నువ్వేం చేస్తున్నావురా. కూర్చున్నాను. ఊరికే కూర్చున్నావా, నువ్వా. ఊరికేనే అక్కా. ఒరేయ్, ఆ పెట్టె తీసుకెళ్ళలేదు కదా. వినపడట్లేదక్కా, హెలికాప్టరు.

నిజంగానే బయట ఒకటి లేస్తోంది, కిటికీ అద్దం జిలజిలమంటోంది, బెంచీలోంచి నా వెన్నులోకి పాకుతోంది ఆ దడ. ఇలాంటిదే, కాకపోతే మోచేతి పొడుగు బొమ్మ, ఎవరో షాపులో ఇచ్చి తీసుకెళ్ళడం మర్చిపోయారు, దాన్ని నేనూ బొంగరం కలిసి బాగుచేశాం, రెక్కల చివర ఎర్ర రంగు వేశాం, తిరిగితే గాల్లో ఎర్ర పళ్ళెం పెట్టినట్టు కనిపిస్తుంది, పళ్ళెం ఎటు వాలితే బొమ్మ అటు పోతుంది. రెక్క మొదట్లో చిన్న కీలుంటుంది, తలుపు కీలులాగా, రెక్క పైకీ కిందకీ ఊగడానికి, అది కడకడలాడుతోందని నేను సైకిలు ట్యూబు ముక్కలు కోసి కీళ్ళలో బిగించాను, నోరు మూసుకుంది, నాకెంత గర్వమో, ఆ చప్పుడు నేను ఆపాను. డాబా మీదకి తీసుకెళ్ళాం, ముందుకి నొక్కితే ముందుకి పోయింది గానీ కాస్త కుడికి వాలుతూ పోయింది, మళ్ళీ నొక్కాం, మళ్ళీ కుడికే. గాలే, అన్నాను నేను. అది ఆరేసిన చీర అంచు నుంచి దారప్పోగు ఒకటి లాగి పిట్టగోడకి వేలాడదీసింది, దారం కదల్లేదు. గాలేదీ మామయ్యా. నేను దారాన్ని ఊదాను, కదిలింది చూడు అన్నాను, అది నవ్వలేదు, నవ్వకపోతే నాకు భయం, అది ఆలోచిస్తోందన్నమాట. కింద కూర్చుని కీళ్ళలోంచి నా రబ్బరంతా తీసేసింది, ఎగరేసింది, తిన్నగా ముందుకి పోయింది. రబ్బరు పెట్టింది, కుడికి. తీసింది, తిన్నగా. చీకటి పడేదాకా అదే పని. చివరికి బొమ్మని ఒళ్ళో పెట్టుకుని, మామయ్యా, గైరోస్కోపు అయితే దానికి రబ్బరుతో పనేంటి, అంది.

పనేంటి. ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని నేనూ అదే అనుకున్నాను, పనేంటి. తర్వాత అదే చెప్పింది నాకు, పార్కులో ఉయ్యాల చూపించి, ఇప్పుడు అది టీచరు, నేను గౌను వేసుకున్నవాణ్ణి. ఉయ్యాలని తోస్తాం కదా మామయ్యా, తోసిన చోటే ఎత్తుకి పోతుందా. పోదు. ఇక్కడ తోస్తే కాస్సేపయ్యాక అక్కడ ఎత్తుకి పోతుంది. రెక్క కూడా కీలు దగ్గర ఊగే ఉయ్యాలే, ఒక చుట్టు తిరిగేసరికి సరిగ్గా ఒక ఊపు ఊగుతుంది, తిరిగే లయా ఊగే లయా ఒకటే, అందుకని తోపుకీ వాలుకీ మధ్య పావు చుట్టు. నువ్వు రబ్బరు బిగిస్తే ఊగే లయ తొందరపడింది, తిరిగే లయ అలాగే ఉంది, పావు చుట్టు పూర్తికాక ముందే వాలిపోయింది, ముక్కు దాకా రాకుండానే, కుడిపక్కనే. అంటే నా గైరోస్కోపు, అన్నాను. జవాబు దాదాపు అదే వస్తుంది మామయ్యా, కారణం మాత్రం అది కాదు. నేను వెంటనే మా అక్క దగ్గరకెళ్ళి, అక్కా నీ కూతురు నన్ను ఓడించిందే అన్నాను. ఎందులోరా. గైరోస్కోపులో. అంటే ఏంటసలు. ఏమో, నాకూ తెలియదని ఇవాళే తేలింది. అక్క నా మొహం చూసి, ఓడిపోయి ఇంత సంబరమేంట్రా నీకు అంది. సంబరం కాక, అక్కా, నేను తిప్పిన బొంగరం నా గీత దాటి పోతే నాకు కాక ఇంకెవరికి సంబరం.

కానీ పొద్దున్న, బస్సులో, అది కిటికీ వైపు చూస్తూ అడిగింది, మామయ్యా, పావు చుట్టు ఎందుకని అడిగితే ఏం చెప్పను, చార్టులో ఉన్నది చెబితే పాసు, నాకు తెలుసు. నేనేమన్నాను. నా నోరు కదా, తిన్నగా ఉంటుందా. నా పేరు చెప్పు, పాసు చేస్తారు అన్నాను. నవ్వుతుందనుకున్నా, నవ్వలేదు, తలూపింది. ఆ ఊపు ఇప్పుడు గుచ్చుకుంటోంది నాకు, ఎందుకు తలూపింది, మామయ్య పరువు నిలబెడదామని గైరోస్కోపే అంటుందా, మామయ్య వీధంతా టముకు వేసుకున్న మొదటి పాఠం తప్పని ముగ్గురి ముందు ఎలా అనడం అనుకుంటుందా, అంటే పాసవుతుంది, అదీ బాగానే ఉంటుంది, పాసవడం మంచిదే, కార్లు నేర్పడం కంటే మంచిదే, చెప్పెయ్యవే, గైరోస్కోపనెయ్, ఒక్క మాట, ఇంటికెళ్ళి టీ తాగుదాం. అమ్మో, వద్దు. అలా అన్నావంటే రేపు పిల్లలకి అదే చెప్పాలి, దారప్పోగు వేలాడదీసిన చేత్తో ఆ చార్టు చూపించాలి, వద్దే తల్లీ.

టిక్కు, టిక్కు. వెంటిలేటరులోంచి పెద్దసారు గొంతు, బరువైన గొంతు, మోటారు వైండింగు నిండుగా ఉన్నప్పుడు వచ్చే గొంతు. కుడివైపు రెక్క పట్టు తగ్గిస్తాం, వాలేది ముందు. పావు చుట్టు తేడా. ఎందుకు?

నేను బెంచీ అంచుకి జరిగాను. అటెండరు కూడా చెవి ఇటు పడేశాడు.

"రెండు జవాబులున్నాయి సార్. ఒకటి బయట గోడ మీద ఉంది. మా మామయ్య కూడా నాకు అదే నేర్పాడు."

"రెండోది?"

"రెండోది నేను చేసి చూసింది సార్."

"అంటే గోడ మీద ఉన్నది?"

చెప్పవే. చెప్పకే. చెప్పు.

"తప్పు సార్. మా మామయ్య చెప్పిందీ తప్పే. పావు చుట్టు దగ్గర్లోకి వస్తుంది కాబట్టి గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తుంది. కారణం అది కాదు."

అన్నది. ముగ్గురి ముందు, వణక్కుండా, ఒక్క అక్షరం మింగకుండా, మామయ్య చెప్పింది తప్పు అన్నది. నా ఛాతీ చొక్కా గుండీల మీదకి వచ్చేసింది, అటెండరు నావైపు జాలిగా చూస్తున్నాడు, వాడికేం తెలుసు, నన్ను తిట్టారనుకుంటున్నాడు పిచ్చివాడు, నేను వాడి భుజం పట్టుకుని, విన్నావా, ఆ మామయ్య నేనే అన్నాను. తలుపు తెరుచుకుంది, బొంగరం మొహం, కళ్ళల్లో ఆ డైనమో లైట్లే, మామయ్యా బొమ్మ తేవద్దని నీకు చెప్పాను, తెచ్చే ఉంటావు, ఇలా ఇవ్వు. బెంచీ కింద గుడ్డసంచీలో ఉంది, స్టాండుతో సహా. రబ్బరు ఉంచావా తీశావా. ఉంది, కడకడలాడుతోందని రాత్రే మళ్ళీ బిగించా. మంచిపని చేశావు, అని తలుపేసేసింది. జన్మలో మొదటిసారి నేను మంచిపని చేశానంది.

ఇంక చెవులే కళ్ళు. రయ్యిమంది బొమ్మ, రబ్బరుతో, కుడికి వాలింది, నాకు తెలుసు, ఎవరిదో గొంతు పళ్ళెం పక్కకి పోయిందే అంది, ఆగింది. ఇప్పుడు చిమటాతో రబ్బరు తీస్తోంది, ఒక కీలు, రెండో కీలు, ఆ రెండోది జిగురు పట్టి మొరాయిస్తుంది, గోరు పెట్టాలి, పెట్టింది, ఊడింది. రయ్యి. తిన్నగా ముందుకి. బొంగరం అంది, గైరోస్కోపుకి రబ్బరుతో పనేంటి సార్. డాబా మీద నాతో అన్న మాటే, అదే గొంతు, సార్ ఒక్కటే ఎక్కువ. పెద్దసారు, మళ్ళీ రబ్బరు పెట్టు, అన్నాడు. మళ్ళీ రయ్యి. ఇంకోసారి, అన్నాడు. ఇంకోసారి. తర్వాత, సరే, బయట కూర్చో.

వచ్చి నా పక్కన కూర్చుంది, చేతులు చల్లగా ఉన్నాయి, బొమ్మని ఒళ్ళో పెట్టుకుంది చిన్నప్పటిలాగే.

"విన్నావా?"

"నేను వినలేదు. వెంటిలేటరు వినిపించింది."

"కోపమొచ్చిందా మామయ్యా?"

కోపమా. ఏం చెప్పాలి దీనికి, ఆ ఫ్యానుకి బేరింగు మార్చాలే, అన్నాను. ఊఁ అంది, నా భుజానికి తల ఆనించింది, దానికి తెలుసు, నేను ఫ్యాన్ల గురించి మాట్లాడుతున్నానంటే ఫ్యాన్ల గురించి కాదని.

తలుపు తెరుచుకుని పెద్దసారు వచ్చాడు, నిలువెత్తు మనిషి, తన చార్టు ముందు నిలబడ్డాడు, చేతులు వెనక్కి కట్టుకుని, తన సంతకం తనే చదువుకుంటున్నట్టు. నవ్వలేదు, కోప్పడలేదు. చక్రం నేర్పిన మామయ్య మీరేనా, అన్నాడు. నేనేనండీ, తప్పు నేర్పినవాణ్ణి. తప్పేముందిలెండి, నేనూ అదే నేర్పాను, అన్నాడు, ఆ మాట అనడానికి ఆయనకి కాస్త టైము పట్టింది. నాకు ఆయన నచ్చేశాడు. నచ్చినవాళ్ళని నేను ఊరికే వదల్లేను, అది నా జబ్బు. సార్, నడుం పట్టేసింది, ఈ పెట్టె ఒక్కసారి ఆ మూల దాటిస్తారా అన్నాను, బొటనవేలు స్విచ్చి మీద. బొంగరం నా బొటనవేలు చూసింది, కళ్ళు మూసుకుంది. మూల దగ్గర అటెండరు మెల్లగా పక్కకి తప్పుకున్నాడు, నోరు మెదపలేదు, మంచివాడని ముందే చెప్పాను కదా.

పెద్దసారు పెట్టె అందుకుని, తిన్నగా, హుందాగా నడిచాడు, మూల తిరిగాడు. పెట్టె లేచింది. ఆయన చెయ్యి లేచింది. ఆయన మొత్తం సగం చుట్టు తిరిగి గోడకి ఆనుకుని, పెట్టెని రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు. నేను ఫ్యాను కేసి చూస్తున్నా. ఏడాది పోయింది, ఒట్టు పోయింది, అక్క నన్ను చంపుతుంది. గోడవతలనుంచి ఆయన గొంతు.

"అమ్మాయ్. ఇదేంటి?"

"అది మాత్రం గైరోస్కోపే సార్."

"పూర్తిగా?"

"పూర్తిగా సార్."

"ఆ బొమ్మ?"

"బొమ్మది గైరోస్కోపు కాదు సార్."

ఆయన మళ్ళీ మూల దాకా వచ్చి, ఈసారి కావాలనే, మెల్లగా తిరిగాడు, పెట్టె మళ్ళీ లేచింది, పాతికేళ్ళ కుర్రాడిలా పళ్ళు బయటపెట్టాడు. బొమ్మా పెట్టే రెండూ క్లాసుకి తీసుకురా, సోమవారం మొదటి క్లాసు నీదే, చార్టు కూడా నువ్వే గీసి తెచ్చుకో, సంతకం నీదే పెట్టుకో, అన్నాడు. పెట్టె దించి నావైపు చూసి, మీరు మాత్రం రానక్కర్లేదు, అన్నాడు.

రానక్కర్లేదట. ఏ గౌరవ పట్టా ఇంత బాగుంటుంది. స్విచ్చి ఆపాను, అటెండరుకి ఫ్యాను సంగతి చెప్పాను, రేపొచ్చి ఉచితంగా బేరింగు వేస్తానన్నాను, మూడో రెక్క కూడా మారుస్తానన్నాను, బొంగరం పెట్టె దగ్గర నిలబడి ఎటో చూస్తోంది, బయట ఇంకో హెలికాప్టరు లేస్తోంది, భవనమంతా గుండెలా కొట్టుకుంటోంది, పద మామయ్యా ఆలస్యమవుతోంది అంది, బొమ్మ అది పట్టుకుంది, పెట్టె నేను, మెట్లు దిగుతున్నాం, అది ముందు, నేను వెనక, ఫోనులో అక్కకి చెబుతున్నా, మొదటి పాఠం నాదేనే అక్కా, తప్పు పాఠమైనా మొదటిది నాదే, అంటుండగా మెట్ల మలుపు వచ్చింది, తిరిగాను, పెట్టె లేచి నా మోకాలి చిప్ప మీద ఒక్కటిచ్చింది. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఏమయిందిరా, అంటోంది అక్క. స్విచ్చి నేను ఆపాను. నా బొటనవేలితో నేనే ఆపాను. కింద మెట్ల మీద బొంగరం ఆగకుండా దిగిపోతోంది, దాని భుజాలు కదులుతున్నాయి, వెనక్కి మాత్రం తిరిగి చూడట్లేదు.